గోడ వెంట టేపు

రోడ్డు వెడల్పు కోసం వీధంతా పడగొట్టేశారు. వీధివాళ్లంతా పిన్నిగారని పిలిచే ముసలావిడ ఇల్లొక్కటే మిగిలింది. పొద్దున్నే కోర్టులో స్టే అడగాలి, అందాకా ఇల్లు నిలబడాలి. భూసేకరణ కేసుల్లోనే తల నెరిసిన ఆమె ప్లీడరు ఆ రాత్రి అక్కడే వసారాలో పడుకున్నాడు.

అర్ధరాత్రి గోడ వెంట కొలత టేపు లాగుతున్న చప్పుడైంది. టార్చి వేశాడు. మనిషి లేడు. గోడ మీద, పడగొట్టే మేరకు గుర్తుగా పెట్టే ఎర్రగీత మాత్రం దానంతటదే ముందుకు సాగుతోంది.

"ఎవరు నాయనా?" లోపల్నించి పిన్నిగారు అడిగింది.

"ఎవరైతేనేం, మీరు పడుకోండి." వెళ్లి గీతకు అడ్డంగా, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. "నోటీసివ్వకుండా కొలవడం నీ అబ్బ తరం కాదు. కాగితం చూపించు!"

చప్పుడు ఆగింది. తర్వాత అతని మడమకు చల్లగా టేపు కొస కొక్కెం తగులుకుంది. టేపు మెల్లగా నడినెత్తి దాకా పాకింది.

ప్లీడరు కదల్లేదు.

"కొలుచుకోరా. కొలిచినంత మాత్రాన నీదైపోదు."