పిచ్చుకకు తోడెవరు?

“పొద్దున నాలుగున్నరకే మీరు డ్యూటీకి వెళ్లిపోతే ఏడేళ్ల పాపని ఎవరు లేపుతారు? ఎవరు జడ వేస్తారు? స్కూలుకి ఎవరు పంపుతారు?” తండ్రి తరఫు లాయరు ఊపిరి తిప్పుకోనివ్వలేదు.

తల్లి బస్సు డ్రైవరు. డిపో నుంచి నేరుగా కోర్టుకొచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

“పక్కవాటా ఆవిడ లేపుతుంది. జడ ముందురోజు సాయంత్రమే వేసేస్తాను.”

“ఆవిడ ఊరెళితే?”

“షిఫ్టు మార్పించుకుంటాను. మార్చకపోతే మేనేజరు గుమ్మంలోనే కూర్చుంటాను. నా పిచ్చుకని మాత్రం వదలను.”

“పంతం జడ వేయదమ్మా!”

ఎవరో కిసుక్కున నవ్వారు. కళ్లజోళ్ల దుకాణం నడిపే తండ్రి వెనక బెంచీలో ఉన్న తన తల్లిని రమ్మని సైగ చేశాడు.

“పాప పుట్టిన దగ్గర్నుంచీ తిండీ నిద్రా చూసింది ఈ నాన్నమ్మే మేడమ్,” అన్నాడు లాయరు. “నాలుగు నెలల క్రితం తల్లి పాపని తీసుకుని వేరే వెళ్లిపోయేదాకా!”

అత్తగారిని చూడగానే డ్రైవరు తల దించుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు మరి.

“ఈ వయసులో చిన్నపిల్లని చూసుకోగలరా అమ్మా?” అడిగింది జడ్జి.

“అరవై రెండూ ఒక వయసేనా? దాని వెనక పరిగెత్తీ పరిగెత్తీ నా మోకాళ్లే కుదుటపడ్డాయి.”

“రోజూ చూసుకుంటారా?”

“లేపుతాను, తినిపిస్తాను, స్కూలు గేటు దాకా దింపుతాను. ఓపికున్నన్నాళ్లూ నాదే పూచీ.”

లాయరు ధీమాగా ఫైలు మూసేశాడు. డ్రైవరు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“పై కోర్టుకెళతాను మేడమ్. అక్కడా కాదంటే ఆ పై కోర్టుకి. వదలనంటే వదలను.”

జడ్జి పెన్ను అందుకుంది. “ప్రస్తుతానికి నాన్నమ్మ ఉన్నచోటే పాపని ఉండనీండి. ఉత్తర్వులో రాయాలి, మీ చిరునామా చెప్పండమ్మా.”

“డిపో వెనక వీధి, మూడో అంతస్తు, ఎడమవైపు వాటా,” అంది నాన్నమ్మ.

తండ్రి గభాల్న లేచాడు. “అమ్మా! అది పాప వాళ్లమ్మ ఉండే ఇల్లు!”

“నాకు తెలీదట్రా? పెట్టె సర్దుకునే వచ్చాను. ఇక మా కోడలు తలుపు తీయడమే ఆలస్యం!”