బానెట్ లోపలి పేర్లు

మా ఆయన కారు వాళ్ల ముత్తాత కొన్నది. ఇంజను ఒక్కసారీ విప్పలేదు, నలభై లక్షల కిలోమీటర్లకు దగ్గరపడింది. ఇప్పటి కార్లన్నీ అంతే, తరతరాలకూ పాడవవు. లక్ష నిండినప్పుడల్లా పక్కసీట్లో ఉన్నవాళ్లు బానెట్ లోపల పేరు రాయడం అందరిళ్లలోనూ ఆనవాయితీ.

పెళ్లయిన పదోరోజు ఆ పేర్లు చూశాను. చివరిది నీలవేణి. ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఎవరండీ ఈవిడ?"

"కాలేజీలో... నీకు చెప్పానుగా."

"చెప్పారు. కార్లో తిప్పానని చెప్పలేదు."

నలభై లక్షలు నిండటానికి ముప్పై కిలోమీటర్లే ఉన్నాయి. "పదండి, భీమిలి వెళ్లి బజ్జీలు తిందాం" అన్నాను.

తగరపువలస దాటగానే అంకె మారింది. చప్పట్లు కొడుతూ దిగి, మిగిలిన ఖాళీ అంతా నిండేలా 'హంసిని' అని రాశాను.

"ఓసినీ! తర్వాతివాళ్లు ఎక్కడ రాస్తారే?"

"తర్వాత ఎవరెక్కుతారండీ?" అన్నాను, మార్కరుకు మూత పెడుతూ.