ఆగని చక్రం

“ఇది కుదరదమ్మా,” అంటూ పేటెంట్ ఆఫీసు అధికారి డ్రాయింగును ఆమె ముందుకు తోశాడు.

“ఎందుకు కుదరదండీ? బ్యాటరీ మోటారును తిప్పుతుంది. మోటారు డైనమోను తిప్పుతుంది. డైనమో మళ్లీ బ్యాటరీని నింపుతుంది. పైగా ఇంట్లో ఫ్యాను కూడా తిరుగుతుంది. మా ఆయన తొమ్మిదేళ్లు కష్టపడి చేశారు.”

“ఫ్యానుకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? శక్తి ఊరికే పుట్టదు. పెట్టినదానికంటే ఎక్కువ రాదు. థర్మోడైనమిక్స్ మొదటి నియమం.”

ఆమె డ్రాయింగులోని ఫ్యాను బొమ్మ మీద వేలు పెట్టింది.

“అయితే ఫ్యాను తీసేద్దాం. పెట్టినంతే తీసుకుంటాం. ఇంక అడ్డేముంది?”

అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. ఇంత పట్టుగా వాదించేవాళ్లు అతనికి అరుదుగా తగులుతారు.

“మొదటి నియమం ఊరుకున్నా రెండోది ఊరుకోదు. తిరిగే కొద్దీ మోటారు వేడెక్కుతుంది. ఆ వేడి గాల్లోకి పోతుంది.”

“పోతే పోయింది. శక్తి నశించదుగా, గదిలోనే ఉంటుంది. దాన్నే పట్టి మళ్లీ మోటారులోకి ఎక్కిస్తే సరి.”

“ఫిజిక్స్ తెలియనివాళ్లంతా ఇక్కడే పప్పులో కాలేస్తారు,” అని అధికారి చల్లారిన టీ గ్లాసు ముందుకు జరిపాడు. “దీని వేడి ఎక్కడికీ పోలేదు, ఈ గదిలోనే ఉంది. మొదటి నియమం చెప్పేది అంతే. కానీ సాయంత్రం దాకా కాచుకుని కూర్చున్నా ఆ వేడి తనంతట తాను గ్లాసులోకి తిరిగి రాదు. అది రెండోది. శక్తి ఎంతుందో మొదటిది లెక్క చెబుతుంది, ఎటు పోతుందో రెండోది చెబుతుంది. మీ ఆయన చక్రం ఎప్పటికైనా ఆగాల్సిందే.”

“ఈ ముక్కలే కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇస్తారా?”

ఆమె గొంతులో నిరాశ ఉంటుందనుకున్నాడు. లేదు. అధికారి రాసి, సంతకం చేసి, స్టాంపు గుద్ది ఇచ్చాడు. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుంది.

“ఒకటో తారీకున ఆయన ఉద్యోగం మానేసి ఈ చక్రం మీదే కూర్చుంటానంటున్నారు,” అంది.

“అయ్యో. మరి ఇంట్లో మీరైనా నాలాగా విడమరిచి చెప్పలేకపోయారా?”

“చెప్పానండీ. పద్దెనిమిదేళ్లుగా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది నేనే. ఒక్క మా ఆయనే స్టాంపు అడిగారు.”