చేతికందే ఎత్తు

"ఇంత కిందికా?" అన్నాడు ఎలక్ట్రీషియన్, గోడ మీది పెన్సిలు గీత చూసి. "వద్దు సార్. స్విచ్ బోర్డు ఇక్కడ పెడితే చిన్నపిల్లలు వేళ్ళు పెడతారు."

"మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఇది మా అమ్మాయి గది. కాలేజీలో చదువుతోంది."

"మరీ అంత పొట్టా ఏమిటి?" అని నవ్వాడు.

తండ్రి నవ్వలేదు. "నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. ముందు లైటు సంగతి చూడండి."

ఇదేం చాదస్తం అనుకుంటూ ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కాడు. పాత ట్యూబ్‌లైట్ పట్టీ విప్పి, ఆ చోటే కొత్త ఎల్‌ఈడీ లైటు బిగించాడు. కిందికి దిగాక మళ్ళీ నసిగాడు.

"బోర్డు ఉన్నచోట బాగానే ఉంది సార్. దించాలంటే గోడంతా తవ్వాలి. శుభ్రమైన గది, ఊరికే పాడుచేసుకుంటారు."

తండ్రి కుర్చీ లాక్కుని గోడ పక్కన కూర్చున్నాడు. వీపు ఆనించి, కాళ్ళు కదపకుండా చెయ్యి చాపాడు. వేళ్ళు సరిగ్గా ఆ పెన్సిలు గీత దగ్గర ఆగాయి.

ఎలక్ట్రీషియన్‌కి అప్పుడు అర్థమైంది. "ఏమైంది సార్?" అన్నాడు.

"స్కూటర్ మీంచి పడింది. వెన్నుపూస. ఇక నడవదన్నారు." తండ్రి ఆ కుర్చీలోంచి లేవలేదు. "రేపు ఇంటికి తీసుకొస్తున్నాం. కొన్నాళ్ళు ఓపిక పడితే లేచి తిరుగుతావని చెబుతూ వచ్చాను. నిజం చెప్పేద్దామనే రోజూ ఆసుపత్రికి వెళ్తాను. దాని మొహం చూడగానే నోరు పెగలదు."

ఎలక్ట్రీషియన్ డ్రిల్లు అందుకున్నాడు.

గోడ సగం తవ్వాడో లేదో తండ్రి ఫోను మోగింది. కూతురే.

"ఆ చప్పుడా? నీ గదిలో కొత్త లైటు పెట్టిస్తున్నానమ్మా... అంతే, లైటే... ఆయనతోనా? ఎందుకూ?" తండ్రి ఫోను ఎలక్ట్రీషియన్‌కి అందించాడు. "లైటు ఎలా ఉండాలో తనే చెబుతుందట."

ఎలక్ట్రీషియన్ దుమ్ము చేతులు నడుముకి చుట్టుకున్న గుడ్డకి తుడుచుకుని ఫోను చెవికి ఆనించుకున్నాడు. "చెప్పమ్మా."

అవతల ఆ పిల్ల గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"అంకుల్, నాన్న పక్కనే ఉంటారు, మీరు ఊ కొట్టండి చాలు. స్విచ్చులూ తలుపు గడియా చక్రాల కుర్చీలోంచి నాకు అందేలా కిందికి దించెయ్యండి. నాన్న అడిగితే కొత్త లైటుకి అలాగే పెట్టాలని ఏదో ఒకటి చెప్పండి, నాకు తెలిసిపోయిందని తెలిస్తే ఆయన తట్టుకోలేరు."