పసుపు తీగ ఆయనది, మిగతా రెండూ మనవి

మన మిల్లులో భోజన విరామాన్ని నలభై నిమిషాల నుంచి ఇరవైకి కోసేసినవాడు మేనేజరే. అది చాలదన్నట్టు, ఆ ఇరవై నిమిషాలూ భోజనాలగది టీవీలో తన ఉపన్యాసం వీడియోనే వెయ్యమన్నాడు.

టీవీకి తీగలు తగిలించే పని నాకు అప్పగించాడు. డీవీడీ ప్లేయరు నుంచి వచ్చే పసుపు తీగ బొమ్మకి, ఎర్రదీ తెల్లదీ మాటకి. ఇవాళ పసుపు తీగ నేను ముట్టుకోలేదు. మిగతా రెండూ పీకేసి, వాటి చోట నా ఫోను తీగ గుచ్చాను. అందులో మన ఊడ్చే పిన్ని గొంతు ముందే రికార్డు చేసి ఉంది.

తెరమీద మేనేజరు చెయ్యెత్తి నోరు తెరిచాడు. పిన్ని గొంతు పలికింది. "ఒరే నాయనలారా, రేపట్నుంచి నలభై నిమిషాలూ మీవే. నెమ్మదిగా నమిలి తినండి. నాకు బుద్ధొచ్చింది."

గదంతా పగలబడి నవ్వింది. చప్పట్లు మోగిపోయాయి.

"నా గొంతు ఆయనకి భలే అతికిందిరోయ్!" అంది పిన్ని.

ఆ చప్పట్లు విని మేనేజరు పరుగున వచ్చాడు. నేను చటుక్కున టీవీ ఆపి, ఫోను తీగ లాగేశాను.

"నా ఉపన్యాసానికేనా ఇన్ని చప్పట్లు?"

"మీ మాటలకే సారూ. కడుపు నిండిపోయిందనుకోండి," అంది పిన్ని.

ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "అందులో నేనన్న ప్రతి మాటా రేపట్నుంచే అమలు. ఇది నా హామీ!"

నూట పన్నెండు మందిమి విన్నాం.

అక్కలారా, అన్నలారా, అంత పెద్దమనిషిని మాట తప్పనివ్వకూడదు. రేపు సరిగ్గా ఒంటిగంటకి అందరూ భోజనాలగదికి రండి. ఒకటీ ఇరవైకి గంట మోగుతుంది. నెమ్మదిగా నములుతూ ఉండండి.