మసకబారిన రెండు

"ఇది నా దీపం కాదు!"

టెర్నోపిల్‌లో చెల్లెలింటి నుంచి ల్వీవ్ తిరిగొచ్చిన మిరోన్ ఇంకా కోటైనా విప్పలేదు. తను సొంతంగా తయారుచేసిన గడియారంలో మొదటి అంకె చూపే దీపాన్ని ఎవరో మార్చేశారు. సున్నా నుంచి తొమ్మిదిదాకా అంకెలు లోపలే వెలిగే పాతకాలపు గాజు దీపాలవి.

మిగిలిన దీపాలు వెతికితే దొరుకుతాయి. అది మాత్రం భార్య స్టెఫానియా తను పనిచేసిన ఫ్యాక్టరీ నుంచి తెచ్చింది. చివరి రోజుల్లో మంచం మీంచి దాని వెలుగునే చూస్తూ ఉండేది. ఆమె పోయాక, అందులో రెండు అంకె మసకబారింది. సగమే వెలుగుతోంది.

ఊరెళ్తూ తాళంచెవి ఇచ్చింది ఒక్క జెనోవీకే. ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగాడు. అతడూ పాత దీపాలతో గడియారాలు తయారుచేసేవాడే.

ఆదివారం గడియారాలవాళ్లంతా చేరే హాల్లో మిరోన్ ఆ పరాయి దీపాన్ని పట్టుకుని జెనోవీ ఎదుట నిలబడ్డాడు.

"నాదేదయ్యా?"

"నా దగ్గరే ఉంది, మిరోన్ గారూ. అడిగితే ముట్టుకోనివ్వరని..."

"విన్నారా? వాడి నోటితోనే ఒప్పుకున్నాడు!"

"కాస్త ఓపిక పట్టండి. అదింకా తేరుకోలేదు."

"ఏం, జలుబు చేసిందా?" అన్నారెవరో. హాలంతా నవ్వింది.

మిరోన్ నవ్వలేదు.

"నా చేత్తో బోర్ష్ సూప్ వడ్డించాను నీకు. నమ్మి ఇల్లప్పగించాను. పోయిన మనిషి వస్తువు ఎత్తుకుపోవడానికి చేతులెలా వచ్చాయి? నీ చెత్త నాకెందుకు!"

దీపాన్ని నేలకేసి కొట్టాడు.

జెనోవీ వంగి గాజుముక్కలన్నీ ఏరుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఎదురింటి యజమానురాలు ఒరీసియా తలుపు తట్టింది.

"జెనోవీ ఊరొదిలి పోయాడు. గదిలో ఏదో వెలిగించి, మీరొచ్చేదాకా ఆర్పొద్దన్నాడు. ఇల్లు అంటుకుంటుందేమోనని నా ప్రాణం పోతోంది. వచ్చి ఆర్పండి బాబూ!"

కిటికీ గట్టు మీద స్టెఫానియా దీపం. అందులో రెండు ఒక్కటే, తల నుంచి తోకదాకా నిండుగా, నారింజ రంగులో వెలుగుతోంది.

మసకబారిన అంకెనొక్కదాన్నే రోజుల తరబడి వెలిగిస్తే కోలుకుంటుందని మిరోన్ కూడా విన్నాడు. పగిలిపోతుందేమోనని ఎప్పుడూ సాహసించలేదు.

దాని పక్కనే జెనోవీ సొంత గడియారం ఉంది. మొదటి అంకె చోట దీపం లేక చీకటి.

"ఇదెందుకు వదిలేశాడు?" మిరోన్ ఆ ఖాళీ చోటును వేలితో తడిమాడు.

"అదిక పనికిరాదట బాబూ. ఎవరో స్నేహితుడింట్లో గడియారం బోసిగా ఉండకూడదని, ఇందులో దీపం తీసి అక్కడ పెట్టొచ్చాడట."