పావుగంట కామెడీ

"ట్యాక్సీ వచ్చేలోపు ఇదొక్కటి చూడు. తర్వాత నీ ఇష్టం." భార్య చేతిలోంచి సూట్‌కేసు లాక్కుని, సినిమా ఎడిటర్ టీవీ పెట్టాడు.

పెళ్లికి ముందు ఇద్దరూ కలిసి తీసిన కామెడీ అది. నటులను పెట్టుకునే స్తోమత లేక కొత్త మొగుడుగా అతను, కొత్త పెళ్లాంగా ఆమె వేశారు. తెరమీద మొగుడు మడత మంచంలో ఇరుక్కుని కాళ్లు కొట్టుకుంటున్నాడు. అది చూసి తెరమీది పెళ్లాం పగలబడి నవ్వింది.

"ఆ నవ్వుకే కదే నేను బోర్లా పడింది. ఒక్కసారి అలా నవ్వు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అది నా నవ్వు కాదు."

"ఇదెక్కడి బుకాయింపు? నా కళ్లముందే నవ్వుతుంటే!"

"నా నవ్వు బొంగురుగా ఉందని మీరే కోసేశారు. డబ్బింగ్ ఆవిడ చేత నవ్వించి అతికించారు. మర్చిపోయారా?"

ఎడిటర్‌కి గుర్తొచ్చింది. అతికించింది తన చేతులే.

సౌండ్ తీసేశాడు. తెరమీద ఆమె నోరు తెరిచి నవ్వుతూనే ఉంది. ఆ నోటికి ఆమె సొంత నవ్వు తగిలిద్దామని చూశాడు. ఇన్నేళ్ల కాపురమంతా వెతికినా ఒక్కటీ దొరకలేదు.

కింద ట్యాక్సీ హారన్ కొట్టింది.

"నువ్వు... ఎలా నవ్వుతావు?" అన్నాడు.

ఆమె గుమ్మం దగ్గర ఆగి, నిజంగానే ఆలోచించింది.

"నాకూ గుర్తు రావడం లేదండీ," అంది.